బస్సు వెళ్లని వీధులు

మా అక్క ఎవరినీ నమ్మదు. ఇది నింద కాదు, ఆమె ఉద్యోగమే అది. సిటీ బస్సుల్లో టికెట్లు తనిఖీ చేసే ఇన్‌స్పెక్టరుగా ఇరవై ఆరేళ్ల నుంచి పనిచేస్తోంది. ఎక్కడో మలుపులో, ఏ పేపర్ల కొట్టు చాటునో నిలబడి, బస్సు నెమ్మదించగానే ఎక్కేస్తుంది. మెట్టు మీద నుంచే ఒక్కసారి లోపలికి చూస్తే చాలు, టికెట్ లేనివాడెవడో ఆమెకు తెలిసిపోతుంది. వాడు అంతవరకూ లేని మర్యాద మొహానికి తెచ్చుకుని, నడుం నిటారుగా పెట్టి, కిటికీలోంచి శ్రద్ధగా బయటికి చూస్తుంటాడట. డిపోలో వెనకాల ఆమెను గద్ద మేడమ్ అంటారు. ఆ సంగతి ఆమెకు తెలుసు. ఆ పేరు పెట్టిందెవరో కూడా తెలుసు.

ఇంట్లోనూ అదే వరస. పాలపాకెట్టును అటూ ఇటూ తిప్పి తారీఖు చూడనిదే గడప దాటనివ్వదు. నేను ఆ ఇంటి పైవాటాలో ఒక్కదాన్నే ఉంటాను, పుస్తకాలు బైండింగు చేసే షాపులో పని. ఏ రోజైనా అరగంట ఆలస్యంగా వచ్చానంటే మెట్ల దగ్గర నా చెప్పులకంటిన మట్టి చూసి ఏ దారిన వచ్చానో చెప్పేస్తుంది. అక్కాబావలకు పిల్లలు లేరు. ఉంటే పాపం వాళ్ల స్కూలు సంచులు రోజూ తనిఖీ అయ్యేవి.

బావ కళ్లజోళ్ల షాపులో అద్దాలు సానబడతాడు. షాపు పదిన్నరకు తెరుస్తారు. మాట తక్కువ మనిషి. ఎప్పుడు చూసినా కుర్చీలో కుదురుగా, ఎవరో ఏదో అడగబోతున్నట్టు, జవాబు సిద్ధంగా పెట్టుకున్నట్టు కూర్చుంటాడు. ఆయన తీరే అంత అని ఇంటిల్లిపాదీ అనుకున్నాం.

అలాంటివాడు యాభై రెండో ఏట ఉన్నట్టుండి పాత సైకిల్ ఒకటి ఇంటికి తెచ్చాడు. నల్లది, వెనక మడ్‌గార్డు సొట్టపోయింది. డాక్టరు వ్యాయామం చెయ్యమన్నాడన్నాడు.

"నడవమన్నాడా, సైకిల్ తొక్కమన్నాడా?" అని అక్క అక్కడికక్కడే పట్టుకుంది.

బావ టైర్లలో గాలి నొక్కి చూస్తూ కూర్చున్నాడు. మర్నాటి నుంచి ఉదయం ఆరున్నరకు బయలుదేరడం, తొమ్మిదికి తిరిగి రావడం.

"ఎక్కడికెళ్లారు?"

"ఎక్కడికీ లేదు. అలా తిరిగొచ్చా."

అక్కడే వచ్చింది చిక్కు. ఎక్కినవాడు ఎక్కడో ఒకచోట దిగాలి అన్నది మా అక్క వృత్తిధర్మం. ఆమె లెక్కన ఏ ప్రయాణానికైనా ఒక మొదలు, ఒక చివర, మధ్యలో స్టాపులు ఉండి తీరాలి. రెండున్నర గంటలు తిరిగి బయలుదేరిన చోటికే వచ్చాడంటే, మధ్యలో దిగిన చోటేదో దాస్తున్నాడనే అర్థం. కండక్టర్లూ ప్రయాణికులూ ఇన్నేళ్లుగా ఆమెకు నేర్పిన పాఠం అది.

ఒకరోజు సాయంత్రం నా మెట్ల మీద వచ్చి కూర్చుంది. "నీకు తెలీదే. సందు మొదట్నుంచి ఏదో కూనిరాగం తీసుకుంటూ వస్తాడు. గేటు మీద చెయ్యి వెయ్యగానే ఆపేస్తాడు. మనిషి ఊరికే పాడతాడా?"

"గొంతు బాగుందేమో."

"వేళాకోళం ఆడకు. ఎవరో ఉన్నారు. ముప్ఫై ఏళ్ల కాపురం. అది ఉందో పోయిందో అదొక్కటీ నాకు తెలియాలి, అంతే."

ఆమె గొంతులో కోపం ఉంటుందనుకున్నాను. భయం ఉంది. పగలంతా ఊరిని గడగడలాడించే మనిషి కొంగుతో కళ్లు ఒత్తుకోవడం చూసి, నన్నేం చెయ్యమన్నా చేస్తానన్నాను. ఆ మాటే నా పీకల మీదికి తెచ్చింది.

నగరంలో బస్సు నడిపే ప్రతి డ్రైవరూ, ప్రతి కండక్టరూ మా అక్కకు తెలుసు. బావనూ ఆ సైకిల్‌నూ ఫోటో తీసి అందరికీ చూపించింది. ఇక ఉదయం పూట మా ఇల్లు ఇల్లులా లేదు, కంట్రోల్ రూమైపోయింది. "మేడమ్, సార్ గడియారస్తంభం దగ్గర, ఆరూ యాభై." "మేడమ్, పాత వంతెన మీద, ఏడూ ఇరవై, ఒక్కరే." అక్క ప్రతిదీ పాత రూటు కాగితాల వెనక రాసింది. పాపం, బావ మాత్రం అద్దాలు సానబడుతూ ఉన్నాడు, తన మీద ఇంత పహరా ఉందని తెలియక. అలా అని నేననుకున్నాను.

పది రోజులకు అక్క నన్ను కిందికి పిలిచి, బల్ల మీద బస్సు రూట్ల మ్యాపు పరిచింది. ఎర్ర గీతలు, నీలం గీతలు, ఆకుపచ్చ గీతలు. వాటి మీద బావ కనబడ్డ చోటల్లా పెన్సిల్ చుక్క. ఆ చుక్కలు రోజూ పాత వంతెన దాకా వచ్చి ఆగిపోతున్నాయి. మళ్లీ యాభై నిమిషాల తర్వాత, పాలబూత్ ఉన్న పెద్దరోడ్డు మీద ప్రత్యక్షమవుతున్నాయి. వంతెనకూ పాలబూత్‌కూ మధ్య మ్యాపు తెల్లగా ఉంది. అదంతా సందులు, ఎత్తుపల్లాలు. బస్సు వెళ్లని పేట.

"ఇదిగో, ఇక్కడ దిగుతున్నాడు" అని అక్క ఆ తెలుపును వేలితో పొడిచింది. తరువాత నా వైపు చూసింది. "స్కూల్లో ఉన్నప్పుడు సైకిల్ తొక్కేదానివిగా."

"అక్కా, ముప్ఫై ఏళ్లయింది."

"మర్చిపోయేది కాదంటారుగా. నాకా, రాదు. నువ్వెళ్లు."

మా షాపు యజమాని కూతురి సైకిల్ అడిగి తెచ్చుకున్నాను. ముందు బుట్ట, ఊదారంగు, గంట కొడితే కీచుమంటుంది. గూఢచారికి తగిన వాహనం కాదు. మొదటి వీధి మలుపు తిరిగేలోపే మోకాళ్లు మొరాయించాయి, ఒక గోడకు గీసుకున్నాను, పాలు పోసే ఆవిడ ముక్కు మీద వేలేసుకుంది. పాత వంతెన దాటేసరికి బావ మాయం.

ఆయనను వెతుకుతూ సందుల్లో పడ్డాను. నిజం చెప్పాలంటే, ఐదు నిమిషాలు వెతికాను. ఆ తర్వాత ఏమైందంటే, చిన్న వాలు ఒకటి వచ్చింది. పెడలు తొక్కడం ఆపేశాను. సైకిల్ దానంతటదే పోతోంది, గాలి చెవుల్లోంచి కుర్తాలోకి దూరుతోంది. బేకరీ వెనక తలుపు తెరిచి ఉంది, కాలిన రొట్టె వాసన ఇలా వచ్చి అలా పోయింది. తర్వాత ఇస్త్రీ బట్టల వెచ్చటి ఆవిరి. ఆ తర్వాత వడ్రంగి షాపు ముందు తడి చెక్కపొట్టు. నడిచేవాళ్లకు ఈ వాసనలు ఒక్కొక్కటే అంటుకుని వదలవు, బస్సులో వెళ్లేవాళ్లకు అసలు అందవు. సైకిల్ మీదైతే ఒకదాని తోక మరొకటి అందుకుంటూ వస్తాయి. ఎవరో కిటికీలో పళ్లు తోముకుంటూ నన్ను చూశారు, నేను తల ఊపాను, వాళ్లూ ఊపారు. నలభై ఏడేళ్ల ఆడదాన్ని, వెళ్లిన పని శుభ్రంగా మర్చిపోయి గంట కీచుమనిపించుకుంటూ తిరిగాను.

"కనబడలేదు" అన్నాను ఇంటికొచ్చి.

అక్క నన్ను పైనుంచి కిందికి చూసింది. "మరి నవ్వెందుకు?"

రెండో రోజూ మూడో రోజూ బావను వదలకుండా పట్టుకున్నాను, ముప్ఫై గజాల వెనక. నేను చూసింది ఉన్నదున్నట్టు చెబుతాను. ఆయన ఏ ఇంటి ముందూ ఆగలేదు. ఎవరితోనూ మాట్లాడలేదు. వడ్రంగి షాపు దగ్గర నెమ్మదించి గట్టిగా ఊపిరి పీల్చుకున్నాడు. చిన్న గుండ్రటి పార్కు చుట్టూ ఏ అవసరమూ లేకుండా రెండుసార్లు తిరిగాడు. మేడ మీద వ్యాయామం చేసే ముసలాయనకు సైకిల్ గంట రెండుసార్లు కొట్టాడు, ఆయన కిందికి చూడకుండానే చెయ్యెత్తాడు. రాళ్లు పరిచిన సందులో కావాలని పోయి, సైకిల్ గడగడలాడుతుంటే నోరు తెరిచి "ఆ…" అని రాగం తీశాడు, గొంతు వణకడం వినడానికి. చిన్నపిల్లలు చేసే పని అది. చివరి వాలులో రెండు చేతులూ వదిలేసి, అరచేతులు గాలికి తెరిచి పెట్టాడు. నేను నా బ్రేకు గట్టిగా పట్టుకున్నాను. ఆయన వెన్ను మాత్రం పెళ్లిళ్లలో కూడా నేనెప్పుడూ చూడనంత వదులుగా ఉంది.

నాలుగో రోజు మలుపు తిరిగేసరికి బావ గోడకానుకుని నిలబడి ఉన్నాడు, చేతిలో స్పానరు.

"నీ చెయిను వదులైంది. మూడు రోజుల నుంచి ఆ చప్పుడు నా వెనకే వస్తోంది. దిగు."

అడ్డంగా దొరికిపోయాను. ఆయన వెనక చక్రం నట్లు వదులు చేసి, చక్రాన్ని కాస్త వెనక్కి లాగి, మళ్లీ బిగించాడు.

"నేనే… ఊరికే… వ్యాయామం అని…" అన్నాను.

"అబద్ధాలు నీకు చేతకావు. నాకూ చేతకావు. అందుకేగా ఈ పాట్లు." చేతులు గుడ్డకు తుడుచుకున్నాడు. "మీ అక్క పంపింది. బస్సులవాళ్లు నన్ను చూసి ఫోన్లు తియ్యడం నేను చూడట్లేదనుకున్నావా?"

"మరి ఎక్కడికెళ్తున్నావో అక్కకు చెప్పొచ్చుగా బావా!"

"చెప్పానుగా. ఎక్కడికీ వెళ్లట్లేదు. బస్సు వెళ్లని వీధులు వెతుక్కుని తిరుగుతాను. బస్సు కనబడిందంటే నా నడుం దానంతటదే నిటారవుతుంది. ఏమీ చెయ్యకపోయినా ఏదో చేసినట్టుంటుంది." స్పానరు జేబులో పెట్టుకుని, "మీ అక్క మంచిది. నేనంటే ప్రాణం. ఇది దానికి చెప్పకు, తట్టుకోలేదు" అన్నాడు.

ఇంతకంటే ఎవరో ఒక ఆడమనిషి ఉన్నా నా పని తేలికయ్యేదేమో అనిపించింది. ఎవరూ లేరని చెబితే అక్క నమ్మదు. నిజం చెబితే కుప్పకూలుతుంది. దారి పొడవునా ఆలోచించి, సగం మాత్రమే చెబుదామనుకున్నాను.

"ఎవరూ లేరక్కా. ఒట్టు. ఊరికే తొక్కుతున్నాడు."

"ఎక్కడ ఆగుతాడు?"

"ఆగడు."

"ఆగకుండా ఎవడైనా వెళ్తాడటే?" నా కళ్లలోకి గుచ్చి గుచ్చి చూసింది. "నువ్వూ ఆయనతో కలిసిపోయావు. నాలుగు రోజుల్నుంచి చూస్తున్నా, మెట్లెక్కుతూ నువ్వూ కూనిరాగం తీస్తున్నావు."

తోడబుట్టినదాన్ని, నా మీద కూడా వచ్చేసింది అనుమానం. నాకు ఒళ్లు మండింది. అంత మండటానికి కారణం, ఆమె అన్నదాంట్లో నిజం ఉండటం.

మర్నాడు అక్క సెలవు పెట్టింది. ఇన్నేళ్ల సర్వీసులో జ్వరం వచ్చినా పెట్టని సెలవు. నన్ను రెక్క పట్టుకుని తొలి బస్సెక్కించి పాలబూత్ దగ్గర దింపింది. ఆ పేటలోంచి దిగే వాలు సరిగ్గా అక్కడే పెద్దరోడ్డులో కలుస్తుంది. బూత్ పక్కన పేర్చిన ఖాళీ ట్రేల చాటున నిలబడ్డాం. ఎక్కడ నిలబడితే మనం కనబడకుండా అవతలివాడు కనబడతాడో ఆమెకు ఒకరు చెప్పక్కర్లేదు.

"వెనక ఎవరినైనా ఎక్కించుకుని వస్తాడు చూడు" అంది.

ఎనిమిదీ ఎనిమిదికి వాలు పైన బావ కనబడ్డాడు. వెనక సీటు ఖాళీ. హ్యాండిల్ మీద చేతులు లేవు. తల కాస్త పైకెత్తి, పెదాలు కదుపుతూ, ఎండలోంచి నీడలోకి, నీడలోంచి ఎండలోకి జారుతూ వస్తున్నాడు. నవ్వుతున్నాడు. ఎవరిని చూసీ కాదు. అక్క నా మోచెయ్యి పట్టుకుంది. నేను ఆమె వైపు చూశాను. ఆమె మొహం కోపంగా లేదు. పెళ్లిచూపుల్లో కుర్రాణ్ని దొంగతనంగా చూసే పిల్లలా ఉంది, ఆమె వయసుకు అది నప్పలేదు, అయినా అలాగే ఉంది.

"ఈయనెవరే" అంది, మెల్లగా.

వాలు దిగి పెద్దరోడ్డులోకి తిరిగే చోట ఎదురుగా బస్సు వచ్చింది. బావ చేతులు హ్యాండిల్ మీద పడ్డాయి. నడుం నిటారైంది. నవ్వు పోయింది, పెదాలు ఆగిపోయాయి. ఎక్కడినుంచో ఒక మర్యాద వచ్చి ఆ మొహం మీద కూర్చుంది. రోజూ మా ఇంట్లో కుర్చీలో కూర్చునే బావ సైకిల్ మీద మా ముందు నుంచి వెళ్తున్నాడు. అప్పుడే అక్క ఫోన్ మోగింది.

"మేడమ్, సార్ ఇప్పుడే పాలబూత్ దగ్గర కనబడ్డారు. ఒక్కరే ఉన్నారు. సీరియస్‌గా ఉన్నారు మేడమ్."

అక్క ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని ఉండిపోయింది. అవతల అతను రెండుసార్లు హలో అని పెట్టేశాడు.

"పద, పిలుద్దాం. ఎవరూ లేరని నీ కళ్లతో చూశావుగా" అన్నాను.

"వద్దు. వెళ్లనీ." ఆమె ట్రేల చాటుకు ఇంకా వెనక్కి జరిగింది. ఎదురుపడి పట్టుకోవడమే తప్ప తప్పుకోవడం తెలియని మనిషి, మొగుడు మలుపు తిరిగేదాకా నక్కి నిలబడింది. తర్వాత అంది: "టికెట్ లేనివాళ్ల మొహం అది. రోజుకు వందమందిని చూస్తా. ఇన్నేళ్లూ మా ఆయన మొహమే అంత అనుకున్నానే."

ఎవరో ఉన్నారని తేలి ఉంటే అరిచేది, ఏడ్చేది, పోట్లాడేది. అందుకు సిద్ధపడే వచ్చింది. ఇప్పుడు పోట్లాడటానికి ఎవరూ దొరకలేదు. నాకు జాలేసింది, ఏం చెయ్యాలో తోచక ఆమె చెయ్యి పట్టుకున్నాను. ఆమె విడిపించుకోలేదు.

తిరుగు బస్సులో కండక్టరు ఉత్సాహంగా దగ్గరికొచ్చి, "మేడమ్, ఇందాక సార్…" అన్నాడు.

"ఇక ఆయన సంగతి నాకు చెప్పకు. మిగతావాళ్లకి కూడా చెప్పు, ఎవరూ చెప్పొద్దని."

కండక్టరు మొహం పాలిపోయింది. సాయంత్రానికల్లా గద్ద మేడమ్ మొగుణ్ని వదిలేసిందని డిపో అంతా గుప్పుమంది. ఇద్దరు డ్రైవర్లయితే బావ షాపుకు వెళ్లి, కళ్లజోడు బాగు చేయించుకునే వంకతో ధైర్యం చెప్పి వచ్చారు.

ఆ మర్నాడు తొమ్మిదికి బావ గేటు తీసుకుని వచ్చి, అలవాటుగా వసారాలో నిలబడ్డాడు, జవాబు చేతిలో పట్టుకుని. అక్క "నీళ్లు కాగాయి" అని లోపలికి వెళ్లిపోయింది. బావ కదలలేదు. ఇంకేదో వస్తుందని చూశాడు. రాలేదు. రెండో రోజూ రాలేదు. మూడో రోజు మెల్లగా మెట్లెక్కి నా దగ్గరికొచ్చాడు.

"మీ అక్కకు ఒంట్లో బాగుందా?"

"బాగానే ఉందే."

"ఎక్కడికెళ్లారని అడగట్లేదు. ఏదో దాస్తోంది."

నవ్వాపుకోలేక చచ్చాను. ఆ వారమంతా ఇంట్లో పహరా తిరగబడింది. బావ అక్క సంచి వైపు అనుమానంగా చూస్తాడు, ఫోన్ మోగితే చెవి అటు పడేస్తాడు, "ఏమన్నా అడగాలా?" అని గుమ్మం దగ్గర తచ్చాడతాడు. "ఏం లేదండీ" అంటుంది అక్క. అడగకుండా ఉండటానికి ఆమె పడిన అవస్థ నేనొక్కదాన్నే చూశాను. తొమ్మిదయ్యేసరికి వంటింట్లోకి పోయి కడిగిన గిన్నెలే మళ్లీ కడిగేది. ఒకరోజు బావ చెప్పులకు ఎర్రమట్టి కనబడింది. ఆ మట్టి మా పేటలో లేదు. ఆమె దాన్నే చూస్తూ నిలబడి, చీపురు తెచ్చి, మాట్లాడకుండా ఊడ్చేసింది.

పన్నెండో రోజు ఆదివారం. వసారాలో ముగ్గురం టీ తాగుతున్నాం. బావ గ్లాసులోకి చూస్తూ, ఎవరూ అడగకుండా, నోరు విప్పాడు.

"పాత వంతెన దాటాక, ఒక వాలుంది."

అక్క గ్లాసు గాల్లోనే ఆగిపోయింది.

"ఇవాళ అక్కడ మేడ మీద నుంచి ఎవరో దుప్పటి దులుపుతున్నారు. తెల్ల దుప్పటి. నేను కిందకొచ్చేసరికి గాలికి వాళ్ల చేతుల్లోంచి జారింది. వచ్చి నా మీద పడింది. చేతులు వదిలేసి ఉన్నానా, కళ్లు కనబడవు, సైకిల్ పోతోంది. దుప్పటితో సహా కిందిదాకా వచ్చేశాను."

ఏ వీధి, ఎన్ని గంటలకు, ఆ దుప్పటి ఎవరిది, వాళ్లెవరు, దాన్ని పైకెళ్లి ఇచ్చి వచ్చారా, ఎంతసేపున్నారు. ఇవన్నీ మా అక్క గొంతు దాకా రావడం, ఒక్కొక్కటే వెనక్కి పోవడం నాకు కనబడుతూనే ఉంది. ఆ వాలు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో తెలిసిన మనిషి, ఏమీ తెలియనట్టు గ్లాసును రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది.

"పడలేదు కదా?" అని మాత్రం అంది.

"లేదు. భలే ఉండింది" అన్నాడు బావ.

అని నవ్వాడు. వాలు మీద చూసిన నవ్వే. మా వసారాలో, మా కుర్చీలో కూర్చుని నవ్వుతున్నాడు. అక్క గబుక్కున తల తిప్పేసుకుని గోడకేసి చూస్తూ కూర్చుంది, తను చూస్తోందని ఆయనకు తెలిస్తే ఆ నవ్వు ఎక్కడ ఆగిపోతుందోనని.